అంచు మడవని గౌను

మా అక్క ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఏటా ఒక దారం పంపేది. కార్ నికోబార్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చే ఓడ ఎవరైనా తెలిసినవాళ్లు ఎక్కుతుంటే వాళ్ల చేతికి ఓ కవరు ఇచ్చేది. కవర్లో ముడులు వేసిన దారం. కొస నుంచి మొదటి ముడి దాకా తన కూతురి భుజం, రెండో ముడి దాకా ఛాతీ, మూడో ముడి దాకా చీలమండలందే గౌను పొడవు. టేపుతో కొలిచి అంకెలు రాసి పంపొచ్చు కదా అంటే, "నువ్వు అంకెలు తప్పు చదూతావు. దారమైతే ఆ బాధ లేదు" అనేది. అక్కడి బడిలో చిన్నపిల్లలకు టీచరు. నేనూ ఆవిడ దృష్టిలో ఇంకా రెండో తరగతే.

నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే, హాడో క్వార్టర్సులో ఉండేదాన్ని. మా ఆయనకు రేవులో పని. కుట్టు విషయంలో నాకు కాస్త పొగరు. మా లైన్లో జాకెట్లు, పావడాలు, బడి యూనిఫారాలు అన్నీ నా మెషిన్ కిందకే వచ్చేవి. అక్క కూతురి పుట్టినరోజు గౌను సంగతి చెప్పక్కర్లేదు. అక్క పంపిన పొడవుకు నేను మరో రెండు వేళ్లు కలిపి కోసేదాన్ని. పెరిగే పిల్లకు కాస్త వదలాలన్న ఇంగితం అక్కకు లేదని నా గట్టి నమ్మకం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. నా తెలివి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ ఏడు దారం పంపి, ఫోన్ కూడా చేసింది. "ఉక్కకి పిల్ల ఒళ్లంతా చెమటకాయలే. ఈసారి మెత్తగా బనీను బట్టతో కుట్టవే" అంది. అబర్డీన్ బజారుకెళ్లి లేత నీలం బనీను బట్ట తీసుకున్నాను. కొట్టు భయ్యా కత్తిరిస్తూ, "దీదీ, ఇది ఖీంచితే సాగిపోద్ది. సంభాల్‌కే, చూసుకుని కుట్టండి" అన్నాడు. నాకే చెప్పొచ్చాడు అనుకున్నాను. ఇంటికొచ్చి ఓ ముక్క మీద కుట్టి చూద్దును కదా, అంచు చాపలా చుట్టుకుపోయింది. సూది మూడు కుట్లు వేసి నాలుగోది వదిలేసింది. లాగితే వంకర్లు తిరిగింది. ఒళ్లు మండి బట్టనీ దారాన్నీ కలిపి మెషిన్ సొరుగులో పడేశాను.

రెండు వారాల తర్వాత ఓ శనివారం అక్క మళ్లీ ఫోన్ చేసింది.

"మొదలెట్టావా?"

"సగం అయిపోయింది" అన్నాను.

"బట్ట సతాయించలేదూ?"

"నన్ను సతాయించే బట్ట ఇంకా పుట్టలేదులే."

అక్క నవ్వింది. మర్నాడు ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. ఆ తర్వాత సముద్రం లోపలికి వచ్చింది.

కార్ నికోబార్‌తో మాట కలవలేదు. ఓడ వస్తోందని ఎవరు చెప్పినా చెప్పులు వేసుకోవడం కూడా మరచి జెట్టీకి పోయేదాన్ని. ఐదో రోజున బావ దిగాడు, చంకలో పిల్లతో. నేను ఆయన వెనక చూశాను. జనం దిగుతూనే ఉన్నారు. దిగడం అయిపోయింది. బావ నా ముఖం చూడకుండా "దొరకలేదు" అన్నాడు. పోయింది అనలేదు. ఆ మాటనే పట్టుకుని మేం చాలాకాలం ఉన్నాం.

పిల్ల ఒంటి మీద నేను ముందటేడు కుట్టిన ఆకుపచ్చ గౌను, ఉప్పుకీ బురదకీ అట్ట కట్టి ఉంది. భుజాలూ వీపూ గీసుకుపోయి ఉన్నాయి. పక్కింటివాళ్లిచ్చిన గౌన్లు ఏది తొడిగినా గీరుకుని కేకలు పెట్టింది. అప్పుడు సొరుగు తీశాను.

పిల్ల నా ఎదురుగానే ఉంది. టేపు పెట్టి కొలవచ్చు. నా చెయ్యి మాత్రం దారం మీదకే పోయింది. అక్క వేళ్లు వేసిన ముడులు అవి. వాటి ప్రకారం గుర్తులు పెట్టుకుని, అలవాటు చొప్పున రెండు వేళ్లు కలిపి కోశాను. అడుగున కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపేస్తే బట్ట సాగదని ఎవరో చెప్పగా విన్నాను. ఇంట్లో ఉన్న కాగితాలు ఆ వారం పేపర్లే, నిండా కనిపించనివాళ్ల పేర్లు. అక్క పేరు లేని పేజీలు ఏరి పెట్టుకుని కుట్టాను. నడుమ భూమి కదిలినప్పుడల్లా పిల్లను ఎత్తుకుని రోడ్డు మీదకు పరుగు. మూడు రోజులు పట్టింది. శనివారం ఆడిన అబద్ధం కుట్టు కుట్టుకూ గుర్తొచ్చింది.

అంచు ఒక్కటే మిగిలింది. ఓ మూల పసుపు రాసి తొడిగాను. మెడా భుజాలూ బాగానే ఉన్నాయి, పిల్ల గీరుకోలేదు. కింద మాత్రం గౌను పాదాల మీద పడింది. మోకాళ్ల మీద కూర్చుని, మడిచి సూది గుచ్చబోయాను. పిల్ల వెనక్కి జరిగింది.

"పిన్నీ, ఛోడో, వదిలెయ్. మడత అమ్మ పెడతాది. హర్ బార్, ప్రతిసారీ అమ్మే పెడతాది."

నాకు అర్థం కాలేదు. ఉతికి ఆరేసిన ఆకుపచ్చ గౌను తీసి తిరగేశాను. లోపల నాలుగు వేళ్ల వెడల్పు మడత, చేత్తో వేసిన పెద్ద పెద్ద కుట్లు, అదీ తెల్ల దారంతో. గుమ్మంలో కూర్చున్న బావకు చూపించాను.

"మీ అక్క కొలత తీసినప్పుడే రెండు వేళ్లు కలిపీసేది" అన్నాడు. "మా చెల్లికి వదలడం తెలీదు, సరిగ్గా కోసీస్తాది అనీది. నువ్వు పంపింది చూస్తే పొడుగు. ఏటా నవ్వుకుంటూ మడిచి కుట్టీది. నీకు చెప్పొద్దనీది, చిన్నబుచ్చుకుంటావని."

అక్కను చూడాలనిపించింది. చూసి తిట్టాలనిపించింది. ఎక్కడని చూడను?

బావ కొన్నాళ్లుండి డ్యూటీకి వెళ్లిపోయాడు. పిల్ల మా దగ్గరే ఉంది. బడి యూనిఫారం విప్పితే ఆ గౌను తప్ప మరొకటి వేసుకునేది కాదు. ముందు కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కేది. బనీను బట్టకు పోగులు లేచిపోవు, అంచు పైకి చుట్టుకుంటుంది, అంతే. మామూలు బట్టయితే చిరుగు పడుతుందన్న వంకన ఏనాడో కుట్టేసి ఉందును. "ఊరందరికీ కుడతావు, ఇంట్లో పిల్లకి అంచు వెయ్యడానికి తీరలేదా?" అని పక్కింటావిడ దెప్పింది. మామూలుగా అయితే ఆవిడకు నా నోటి రుచి తెలిసేది. ఆ రోజు లోపలికి వచ్చేశాను.

ఒకసారి పిల్ల బడికి వెళ్లినప్పుడు మడిచి కుట్టేశాను, మెట్ల మీద పడిపోతుందని భయం. సాయంత్రం చూసుకుంది. వరండాలో కూర్చుని ఒక్కో కుట్టూ గోటితో విప్పింది. నేను గడపలో నిలబడి చూశాను. ఆపాలంటే అమ్మ రాదే అని చెప్పాలి. నాకే ఎవరూ చెప్పలేదు, నేనెలా చెప్పను?

"అమ్మ కబ్ ఆయేగీ పిన్నీ? ఎప్పుడొస్తాది?" అని పడుకోబోయే ముందు అడిగేది. "ఓడ రావాలి కదమ్మా" అనేదాన్ని. ఓడలు వస్తూనే ఉండేవి. మా కిటికీలోంచి కనిపించేవి కూడా.

మూడో ఏడు వానలు మొదలైనప్పుడు, యూనిఫారంతో సహా ఉతికినవేవీ ఆరక, పెట్టెలో ఉన్న ఆ గౌను తీసి తొడుక్కుంది. చాలా నెలలైంది అది వేసుకుని. బట్ట సాగే రకం కాబట్టి ఛాతీ దగ్గర బిగుతు కాలేదు. గుమ్మం దాకా నడిచి, మెట్టు దిగబోతూ అలవాటుగా కుచ్చిళ్ల కోసం చెయ్యి కిందకు చాచింది. పాదాల మీంచి ఎత్తి పట్టాల్సిన బట్ట లేదు. వంగి చూసుకుంది. గౌను చీలమండల పైకి, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అంచున పసుపు మరక ఇంకా ఉంది.

నా వైపు తిరిగింది.

"పిన్నీ, ఇంక మడత పెట్టక్కర్లేదు కదా."

"అక్కర్లేదమ్మా" అన్నాను.

తల ఊపి, గొడుగు తీసుకుని బడికి వెళ్లిపోయింది. రాత్రి పక్క వేసి, ఎప్పటి ప్రశ్న కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. ఓడ మాట నాలుక చివరే ఉంది. పిల్ల అటు తిరిగి పడుకుంది. ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.