మూతపడ్డ మిల్లు కూత

దెయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. రైల్వే క్వార్టర్లలో ఏళ్ళ తరబడి కాపురం చేసినదాన్ని. పట్టాల పక్కన తెల్లచీర కనిపించిందని ఎవరైనా వణుకుతూ చెబితే, ఆరేసిన చీర గాలికి ఎగిరిపోయి ఉంటుంది, వెళ్ళి తెచ్చుకోండమ్మా అనేదాన్ని. నిన్ను చూస్తే దెయ్యాలే ఊరు ఖాళీ చేస్తాయని మా ఆయన ఆటపట్టించేవారు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, రాయకుండా ఉండలేకే. ఇందులో దెయ్యం ఉందో లేదో కూడా నాకు తెలీదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది విజయనగరానికి దగ్గర్లో ఉన్న ఒక జూట్ మిల్లు ఊరు. నాన్నది వ్యవసాయ కుటుంబం. వానల్ని నమ్ముకుని విసిగిపోయి మిల్లులో చేరాడు, మగ్గాల మీద పని. మా చిన్నప్పుడు ఆ ఊళ్ళో గడియారం ఉన్న ఇళ్ళు తక్కువే. ఎవరికీ ఆ లోటు తెలిసేది కాదు, మిల్లు కూత ఉండేది కాబట్టి. తెల్లవారుతూ మొదటి కూత వేస్తే అమ్మ పొయ్యి వెలిగించేది. రెండో కూత వేసేసరికి నాన్న చేతిలో క్యారేజీ ఉండాలి. మధ్యాహ్నం కూతకి పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళు కూడా నడుమెత్తి గట్టెక్కేవారు, మిల్లుతో వాళ్ళకి ఏ సంబంధమూ లేకపోయినా. బళ్ళో మాస్టారు లెక్క మధ్యలో ఉన్నా సరే, మేం పలకలు సర్దేసేవాళ్ళం. పాపం ఆయన బెల్లు ఆ తర్వాత మోగేది.

మగ్గాల షెడ్డులో చప్పుడు ఎంతంటే, పక్కన నిలబడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకునేవారు. మీసం దువ్వినట్టు చేస్తే మేస్త్రీ వస్తున్నాడని అర్థం. రెండు వేళ్ళు మెలేస్తే పోగు తెగిందని. మిగతాది ఎదుటివాడి పెదవులు చూసి పట్టేసేవారు. కొన్నేళ్ళకి అందరి చెవులూ దెబ్బతిన్నాయి. నాన్నకైతే పూర్తిగా పోయాయి. అమ్మ ఆ సైగలన్నీ నేర్చేసుకుంది. వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటే ఇంట్లో చప్పుడుండేది కాదు, చేతులు మాత్రం ఎగిరిపడేవి. నేనూ తమ్ముడు రమణా నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. మా ఇద్దరికీ వచ్చిన సైగలు అన్నం, రా, మేస్త్రీ, అంతే.

పెళ్ళయ్యాక మొదట శ్రీకాకుళం, అత్తవారిల్లు. అక్కడ తెల్లవారడమంటే మా వీధి కుళాయి దగ్గర బిందెల చప్పుడు. కొత్తవలస క్వార్టర్‌కి వెళ్ళాక కిరండూల్ లైన్లో వచ్చే గూడ్సు బళ్ళే మా గడియారం. ఇనుప ఖనిజం బండి వెళ్తుంటే గూట్లో గ్లాసులు గలగలలాడేవి. అప్పుడు పాలు పొంగాయో లేదో చూసుకునేదాన్ని. తర్వాత సికింద్రాబాద్. అక్కడ నీళ్ళ ట్యాంకరు హారన్ కొడితే నైటీ మీద తువ్వాలు వేసుకుని మెట్లు దిగి పరిగెత్తేవాళ్ళం. ఏ ఊరు మారినా మొదటి వారం నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు. కొత్త ఊరి చప్పుళ్ళు అలవాటయ్యేవరకూ అంతే.

ఇప్పుడు మేం విజయనగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. రైల్వేలో మా ఆయన రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడ్డాం. ఇక్కడ పొద్దున ఎవరి ఫోను వాళ్ళని లేపుతుంది. పక్క ఫ్లాటువాళ్ళు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు తింటారో నాకు తెలీదు. ఇదేం తప్పు కాదు. కానీ ఊరంతా ఒకేసారి పొయ్యి వెలిగించే పొద్దు ఇంకెప్పుడూ చూడనని అనుకుంటే మాత్రం దిగులేస్తుంది.

మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. అమ్మ పోయాక నాన్నని నా దగ్గరికి తెచ్చుకున్నాను. నాన్న మాట్లాడటం దాదాపు మానేశాడు. చెవులు పోయినా మాట ఉంది, కానీ ఎవరితో మాట్లాడాలి? పొద్దున్నే స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, బాల్కనీలో కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు. పిలవాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడాలి. నెలల తరబడి అంతే. రమణకి ఇది మతిమరుపు జబ్బులా కనిపించింది. వాడు విశాఖపట్నంలో ఉంటాడు. అలాంటి పెద్దవాళ్ళని చూసుకునే చోటు ఒకటి అక్కడ ఉందని, నాన్నని చేర్పించడానికి మాట్లాడేశానని చెప్పాడు. వాడికి నాన్న అంటే ప్రేమ లేక కాదు, భయం. నేను కాదనీ అనలేకపోయాను, అవుననీ అనలేకపోయాను. నాన్నకి నిజంగా మతి పోతోందేమోనని నాకూ లోపల పీకుతూనే ఉండేది.

ఆ పొద్దున తెల్లవారుతూనే లేచి అన్నం వండి, వంటింట్లో పప్పు కడుగుతున్నాను. మా ఆయన కూరగాయలకి వెళ్ళారు. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"కూతేసీసింది. కేరేజీ కట్టీ," అన్నాడు.

ఎన్నాళ్ళకో నాన్న గొంతు విన్నాను. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. మిల్లు లేదు నాన్నా, కూత లేదు అని పెదవులు కనపడేలా నెమ్మదిగా చెప్పాను. నాన్న నన్ను జాలిగా చూసి లోపలికి వెళ్ళిపోయాడు. కల వచ్చి ఉంటుందనుకుని స్నానానికి వెళ్ళాను.

వచ్చేసరికి గ్రిల్ తలుపు తీసి ఉంది. నాన్న లేడు. గిన్నెలో అన్నం సగం లేదు. నిన్నటి వంకాయ కూరా లేదు, అటక మీది పాత క్యారేజీ కూడా లేదు.

వెనక లారీ హారన్ కొట్టినా నాన్నకి వినపడదు. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు, మెట్లు దిగేశాను. కింద ఇస్త్రీ బండి అతను, "పెద్దాయన షేరాటో ఎక్కీసినారమ్మా. డూటీకెల్తన్నానన్నారు," అన్నాడు. మా ఆయనకీ రమణకీ ఫోన్ చేసి, ఆటో మాట్లాడుకుని మా ఊరు వెళ్ళాను. దారంతా రోడ్డుకి రెండు పక్కలా చూస్తూనే ఉన్నాను. ఎక్కడైనా జనం గుమిగూడి ఉంటే ఆటో ఆపించి దిగి చూసేదాన్ని.

మిల్లు గేటు తుప్పు పట్టి ఉంది. లోపలంతా తుమ్మచెట్లు. గేటు పక్క గోడ నీడలో నాన్న కూర్చుని ఉన్నాడు.

ఒక్కడే కాదు. ఇంకా ముగ్గురు ముసలివాళ్ళు ఉన్నారు. నలుగురి ముందూ నాలుగు క్యారేజీలు.

ఇద్దరిని గుర్తుపట్టాను. అప్పన్న మావ, మా ఇంటి వెనక వీధి. ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంటున్నాడు. సన్యాసి మావ గజపతినగరంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు, బస్సులో వచ్చాడు. మూడో ఆయన నాకు తెలీదు. శ్రీకాకుళం నుంచి వచ్చాడట, తెల్లగా ఉతికిన పంచె కట్టుకుని. అందరూ మగ్గాల మీద పనిచేసినవాళ్ళే. అందరికీ చెవులు పోయాయి.

ఎందుకొచ్చారని సన్యాసి మావని అడిగాను. నా పెదవులు చూసి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా, "అదేటి తల్లీ అలగడుగుతావు? పొద్దున్న కూతేసింది గదా! మిల్లు తెరిసీసినారనుకున్నాను," అన్నాడు. మిగతా ఇద్దరిదీ అదే మాట. తెల్లవారుతూ మొదటి కూత విన్నారు. అది చెవిటివాళ్ళకి ఎలా వినపడిందన్న ఆలోచన వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. కూత వేసింది, వచ్చారు.

వాచ్‌మన్‌ని అడిగాను. రాత్రంతా అక్కడే ఉన్నాడు. "కూతేటమ్మా, ఆ గొట్టం ఎప్పుడో ఊడదీసి అమ్మీసినారు. నాకేటీ ఇనపళ్ళేదు," అన్నాడు. గేటు ఎదురుగా టీ కొట్టు ఆవిడ తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తుంది. ఆవిడా వినలేదు. చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి అడిగాను. చెవులున్నవాళ్ళు ఒక్కరూ వినలేదు.

తిరిగి వచ్చేసరికి వాళ్ళు క్యారేజీలు విప్పారు. సన్యాసి మావ చేపల పులుసు తెచ్చాడు. నాన్న వంకాయ కూర అందరి మూతల్లోకీ వెళ్ళింది. ఒక పక్క తింటూనే చేతులతో మాట్లాడుకుంటున్నారు. అప్పన్న మావ ఏదో సైగ చేశాడు. శ్రీకాకుళం ఆయన మీసం దువ్వి, వాచ్‌మన్ వైపు కళ్ళతో చూపించాడు. నాన్న నవ్వాడు. అన్నం పొలమారేంత నవ్వు. అమ్మ పోయాక నాన్న నవ్వగా చూడటం అదే మొదటిసారి. నేను టీ కొట్టు బల్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాన్న మూగబోయాడనుకున్నాం మేమంతా. ఆయన భాష తెలిసినవాళ్ళు ఇంట్లో లేరు, అంతే కదా.

నేను ఏదీ ఊరికే నమ్మే మనిషిని కాను. ఒకరికొకరు కబురు పెట్టుకున్నారేమోనని తర్వాత అందరి ఇళ్ళలోనూ కనుక్కున్నాను. నలుగురిలో ఎవరికీ ఫోన్ లేదు. ఉన్నా ఏం వింటారు? వాళ్ళు కలుసుకుని ఏళ్ళయింది. ఆ రోజు మిల్లు మూసిన రోజూ కాదు, ఏ పండగా కాదు. శ్రీకాకుళం ఆయన కోడలు, ఆ పొద్దున ఆయనే లేచి అన్నం వండమని గొడవ చేశారని చెప్పింది. చెవుల డాక్టరు గారిని అడిగితే, వినికిడి పోయినవాళ్ళకి లేని శబ్దాలు వినపడటం మామూలేనన్నారు. నలుగురికీ, నాలుగు చోట్ల, ఒకే పొద్దున, ఒకే శబ్దమా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

నాన్నని ఇంటికి తెచ్చిన ఆ సాయంత్రమే రమణ వచ్చాడు. చేతిలో కొత్త తాళంకప్ప. నాన్న సోఫాలో ఉన్నాడు.

"అప్పా, ఇయ్యాల మిల్లుకెల్లినాడు, రేపెక్కడికెల్తాడో! ఆ చోట్లో చేర్పించేదాకా గ్రిల్‌కి తాళం ఎయ్యి. మతి పోయినోడిని ఇలగొదిలీకూడదు," అన్నాడు. వాడు నన్ను అప్పా అనే పిలుస్తాడు, మా వైపు అక్కని అలాగే అంటారు. దారిలో వాడెంత బెదిరిపోయాడో నాకు తెలుసు.

నేను మిగతా ముగ్గురి సంగతి చెప్పాను. నలుగురికీ ఒకేసారి ఒకేలా మతి పోతుందా అని అడిగాను. వాడు తాళంకప్ప అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. నాన్న మా ఇద్దరి పెదవులూ చూస్తున్నాడని మేం గమనించనే లేదు. మగ్గాల దగ్గర బతికిన మనిషి, గది అవతల నుంచి కూడా చదివేస్తాడు.

"ఒరే," అన్నాడు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. "నాకు మతి పోనేదురా. సెవులు పోనాయి."

రమణ తల దించుకున్నాడు. తర్వాత వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాడు. విశాఖపట్నం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ వారమే వాడు నాన్నకి ఫోన్ కొన్నాడు. మిగతా ముగ్గురి ఇళ్ళలోనూ పిల్లల ఫోన్లు ఉన్నాయి. ఇప్పుడు రోజూ వీడియో కాల్. చిన్న తెరలో నాలుగు ముఖాలు, ఎనిమిది చేతులు. మా అపార్ట్‌మెంట్‌లో అంత చప్పుడు లేని సందడి ఇంకెక్కడా ఉండదు. నేనూ పక్కన కూర్చుని కొన్ని సైగలు నేర్చుకుంటున్నాను. నాకు రావడం లేదని నాన్న తిడుతున్నాడు.

కూత మళ్ళీ వేయలేదు. వేస్తే నాన్న చెప్తాడు. ఆ రోజు కూత ఎవరు వేశారనుకుంటున్నావని ఒకసారి అడిగాను. నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూశాడు.

"ఎవుడేసినాడని ఎవులైనా అడుగుతారేటే? కూతేస్తే ఎల్డమే."

నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ పొద్దున నేను అదే ఇంట్లో ఉన్నాను, వంటింటి కిటికీ తెరిచే ఉంది. నాకేమీ వినపడలేదు. ఎందుకు వినపడలేదో, వాళ్ళకెలా వినపడిందో ఎంత ఆలోచించినా తేలడం లేదు. దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. గ్రిల్‌కి మాత్రం తాళం వేయడం లేదు.