అరచేతిలో ఖాళీ పట్టీ

మా టైలరింగ్ కొట్టు పక్కన లాప్‌టాప్‌లు బాగుచేసే ఆయన్ని అందరూ అరచేతి బాబాయి అంటారు. మిషను విప్పగానే డ్రైవు ఊడదీసి, తెచ్చినవాళ్ల అరచేతిలో పెట్టడం ఆయన పద్ధతి. "మీ ఫోటోలూ, లెక్కలూ, పాపాలూ అన్నీ ఇందులోనే ఉన్నాయి. పట్టుకుని కూర్చోండి. మిగతాదంతా ఉత్త ఇనుమే" అనేవాడు.

డ్రైవుల సంగతిలో ఆయనకు కాస్త పొగరు కూడా ఉండేది. పాత లాప్‌టాప్‌లలో అరచేతంత పెట్టె, అది సాటా అనే సాకెట్లోకి జారుతుంది. కొత్తవాటిలో చూయింగ్ గమ్ ముక్కంత పట్టీ. ఆ పట్టీల్లోనూ రెండు జాతులు, కొన్ని సాటా, కొన్ని ఎన్‌వీఎంఈ. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పెడితే ఉలకవు పలకవు. జిప్పులు మార్చుకు బతికే నాకెందుకయ్యా ఇదంతా అన్నా వదిలేవాడు కాదు.

ఆయన అక్క లెక్కల టీచరు. గొంతులో గడ్డ తీస్తే మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. ఆపరేషనుకు ముందు ఆవిడ లాప్‌టాప్ ముందు కూర్చుని, ఇంకా మాటలు రాని మనవరాలి కోసం కథలు చెప్పి రికార్డు చేసుకుంది. ఆ తర్వాత మాట పోయింది.

మొన్నామధ్య ఆ లాప్‌టాప్ మీద నీళ్లు ఒలికి లోపలి మదర్‌బోర్డు చచ్చిపోయింది. బాబాయి లోపలి పట్టీ తీసి అక్క అరచేతిలో పెట్టాడు.

"నీ గొంతు నీ దగ్గరే ఉందక్కా, బెంగపడకు."

చచ్చిన బోర్డు మార్పిడికిచ్చి ఇంకోటి తెప్పించాడు. అన్నాళ్లూ ఆవిడ ఆ పట్టీని రుమాల్లో చుట్టి దిండు కింద పెట్టుకుందట.

నిన్న మధ్యాహ్నం అంతా బిగించి ఆన్ చేశాడు. ఆ గొంతు విందామని నేనూ కత్తెర పడేసి వెళ్లాను. తెర వెలిగింది. పట్టీ ఖాళీ. అందులో ఎన్నడూ ఏదీ దాచిన జాడే లేదు.

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. మళ్లీ విప్పి చూశాడు. కొత్త బోర్డు మీద ఒక మూల నల్లటి చిప్పు, దానికే అతికి ఉంది. ఆ రకం లాప్‌టాప్‌కి అసలు డ్రైవు అదే, పాత బోర్డుకీ అలాంటిదే ఉండేది. సాకెట్టు లేదు, ఊడదీసేందుకేమీ లేదు. పట్టీ ఏమో కొన్నచోట అదనంగా బిగించి ఇచ్చింది, ఆవిడ వాడనే లేదు. డ్రైవంటే చేతికి ఊడొచ్చేదేనని నమ్మిన మనిషి, కథలున్న బోర్డుని తన చేత్తోనే పంపేశాడు.

బోర్డు మార్చి ఇచ్చిన కొట్టుకు ఫోన్ చేశాడు.

"ఆ పాతదా అన్నా? ఎప్పుడో తుక్కు మిషన్లో వేసేశాం. పొడైపోయుంటుంది."

ఫోను స్పీకర్లో ఉంది. అక్క విన్నది.

"ముందే చూసుకోవద్దటయ్యా!" అని నేనే అరిచాను. అరవాల్సిన ఆవిడ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

బాబాయి అలవాటు కొద్దీ పట్టీ ఊడదీసి, అక్క అరచేతి వైపు చెయ్యి చాచాడు. సగంలో ఆగిపోయాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.