ఎండిన చేలో అంబలి వాసన

పోయినవాళ్లు మళ్లీ కనిపిస్తారని ఎవరైనా చెబితే నేను నవ్వేదాన్ని. ఐదో తరగతితో బడి మానేసినా అలాంటి మాటలకు మాత్రం ఎప్పుడూ లొంగలేదు. నేను చెప్పబోయేది మాత్రం పట్టపగలు, బెళుగుప్ప దగ్గర మా చేలో జరిగింది.

ముందు మా అమ్మ కుండ సంగతి చెప్పాలి. అమ్మ జొన్న అంబలిని ఎప్పుడూ పూర్తిగా ఊడ్చేది కాదు. అడుగున గరిటెడు ఉంచి, దాని మీదే కొత్త గంజి పోసేది. తెల్లారేసరికి పులిసేది. ఆ పులుపులో మాగిన సీతాఫలం వాసన ఉండేది. ఊళ్లో ఇంకే ఇంట్లోనూ అలా ఉండేది కాదు.

అమ్మ పోయినప్పుడు, మైల తీయాలని ఆ కుండను నేనే బూడిదతో తోమి బోర్లించాను. అడుగున ఉన్నది కాలవలో పోయింది. తర్వాత ఎన్ని కుండలు మార్చినా ఆ వాసన రాలేదు.

నిరుడు లత అనే బత్తలపల్లె అమ్మాయి మా చేలో మట్టి కోసం వచ్చింది. పెద్ద చదువు చదువుతోంది. పిండిని పులియబెట్టే ఈస్టు లాంటి, కంటికి కనపడని జీవాలను మట్టిలో వెతుకుతుందట. తొమ్మిది చోట్ల తీసింది. చెనక్కాయ పీకేసిన చేను, చుక్క తడి లేదు. రేగు చెట్టు దగ్గరికి రాగానే నాకు అమ్మ అంబలి వాసన గుప్పుమంది.

“ఈడ గూడా తీయి పాపా. పులిసిన వాసన వస్తాండాది.”

“నాకేం రాలేదు పెద్దమ్మా. నీకు ఆకలైతాందేమో,” అని నవ్వుతూనే తీసింది.

కొన్ని నెలలకు ఫోన్ చేసింది. “పెద్దమ్మా, నువ్వు చూపిచ్చిన చోట తీసిన మట్టి పొట్లంలోనే ఒగటి దొరికినాది. తెలిసిన రకాలన్నిటితో పోల్చి చూసినాం, దేంతోనూ కలవల్యా. కొత్త జాతి. పేరు పెట్టాల.”

బస్సెక్కి లత చదివే కాలేజీకి వెళ్లాను. ఆ జీవాన్ని పెంచుతున్న గాజు గిన్నె మూత తీసింది. అదే సీతాఫలం పులుపు. వంగి ఇంకోసారి వాసన చూసి అడిగాను.

“దీనికి తిండి ఏం పెడతాండావు?”

“చక్కెర నీళ్లు.”

“జొన్న గంజి పెట్టు పాపా. మా యమ్మకు చక్కెర పడదు.”

గరిటెడు ఇమ్మని అడిగాను. తినడానికి పనికొస్తుందో లేదో తేలలేదని, ఇవ్వకూడదని చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఆ పిల్ల చాలా బాధపడింది. ఎండిన మట్టిలో దీని వాసన మనిషి ముక్కుకు అందదని కూడా చెప్పింది.

“మీ యమ్మ అంబలి ఎప్పుడన్నా ఆడ పారబోసింటాదా?”

ఆ చేను మేము అమ్మ పోయాక కొన్నది. ఆమె అందులో అడుగు పెట్టలేదు.

తర్వాత గంజి కుండకు గుడ్డ కట్టి రేగు చెట్టు కింద పెట్టి చూశాను. పులిసింది, కానీ అమ్మది కాదు. ఆ చేలో వాసన కూడా మళ్లీ రాలేదు. ఆ రోజు నా ముక్కుకు ఎలా అందిందో లతకూ తెలియలేదు, నాకూ తెలియదు.

కుండను మాత్రం ఇక తోమడం లేదు.