మావయ్య కొన్న ఓడ ప్లేటు

బొబ్బిలిలో మాది వీణలు చేసే ఇల్లు. ఇది అరవైల చివరి మాట. వీణలు కొనేవాళ్లు తగ్గిపోయి, మా మేనత్త మొగుడు ఓడలో వడ్రంగిగా చేరాడు. పనస దుంగ తొలిచి వీణ కుండ తీసే చేతులు ఓడ తలుపులకు బందులు బిగించడానికి పోయాయి. నాకు ఒళ్లు మండింది. నా మంట ఎవరిక్కావాలి! అత్త మా ఇంట్లోనే ఉండి ఆయన కోసం ఎదురుచూసింది.

ఒక మధ్యాహ్నం పాతపట్నం వైపు మనిషి ఒకడు, మావయ్యతో అదే ఓడలో పనిచేసేవాడు, మావయ్య పెట్టె మోసుకొచ్చాడు. వెనక మావయ్య వస్తున్నాడేమోనని వీధిలోకి తొంగిచూశాను.

"ఆయన రానేదేటి?" అంది అత్త.

"ఆకలేస్తన్నాది వొదినా, ముందు కూడెట్టు."

హమ్మయ్య అనుకున్నాం. చావు కబురు తెచ్చినవాడు మా వైపు మంచినీళ్లు కూడా ముట్టడు. ఇతను పీట వాల్చుకుని కూర్చున్నాడు. మావయ్య పెట్టె ముందు పంపి, తను తర్వాత వస్తాడు కాబోలనుకున్నాం. అతనికి పెట్టి అత్త కూడా కడుపునిండా తింది. "మొగుడి కబురొస్తే గాని నీకు ముద్ద దిగదేటే!" అని అమ్మ ఆటపట్టించింది.

పెట్టెలో బట్టల మధ్య ఒక గ్రామఫోను ప్లేటు ఉంది. అట్ట మీద తెరచాప ఓడ.

"కొత్త దేశాలు ఎతుక్కుంటూ ఎల్లిన పాతకాలం ఓడలోళ్ల కతలట. పాటుండదు, మాటుండదు. అంతా కరెంటు మిషన్తోనే వాయించీసేరు. బావకి ఇనిపించాలని కొన్నాడు," అన్నాడతను నాన్నని చూపించి.

నాన్న సంగీతం మేష్టారింటికెళ్లి ప్లేయరు అడిగి తెచ్చాడు. మొదట గాలి హోరు, ఆ తర్వాత తీగలాంటి సన్నటి సాగదీత.

"కర్ర నేదు, తీగ నేదు, మీటే ఏలు నేదు. ఇంక మనవెందుకు?" అన్నాడు నాన్న.

అత్త ఆ మాట విననే లేదు. ఆమె ఎరిగిన ప్రతి ప్లేటులోనూ మనిషి గొంతుంది. ఇందులో మొగుడి గొంతు ఉంటుందని ఆమె నమ్మకం. వాయిద్యం ఆగినప్పుడల్లా ముందుకు వంగి, "ఉండండి, ఇప్పుడు మాటాడతారు," అనేది. నాకు నవ్వొచ్చింది.

రెండో పక్క వేశాక సముద్రం పొంగినట్టు హోరు పెరిగింది. ఆ మనిషి చెవులు మూసుకున్నాడు.

"ఆపీ బావా! జొరం తగిలి ఓడలోనే పోనాడు. గుడ్డలో సుట్టి సముద్రానికి ఇచ్చీసేం."

"మరి ఏ నోటితో తిన్నావు మా ఇంట్లో?" అని అరిచాను.

"సెప్పీస్తే పొయ్యెలగదు కదమ్మా. వొదిన ఒక ముద్దయినా తింటాదని..."

అతను చేసింది మంచో చెడో నేనిప్పటికీ తేల్చుకోలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

నాన్న ముల్లు ఎత్తబోతే అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. కంట తడి లేదు.

"ఉండనీ అన్నియ్యా. ఆకరుదాకా ఇంటాను. ఆ కతలో ఓడలోళ్లలో ఎవుడైనా ఒడ్డు సేరేడేమో సూద్దుం."