ఐసు తాత ఒప్పుకోని మాట

సూర్యుణ్ణి నలభై ఏళ్ళు ఒంటిచేత్తో ఎదిరించి నిలిచినవాడు ఈ భూమ్మీద మా తాతయ్య ఒక్కడే. ఐసు ఫ్యాక్టరీలో మిషన్ నడిపేవాడు. పగలంతా ఎండ మోసుకొచ్చిన వేడిని వెనకగోడ అవతలికి గెంటేసేవాడు. అక్కడ గొట్టాల సెగకి కుక్క కూడా పడుకునేది కాదు. గోడకి ఇవతల మాత్రం, ఉప్పునీళ్ళ తొట్టిలో దించిన డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డకట్టేవి. తాతయ్యకు చల్లదనం చూపే మీటరు మీద నమ్మకం లేదు. అరచెయ్యి తిరగేసి గొట్టానికి ఆనించి, "ఇంకా కాలేదు" అనేవాడు. మీటరు కూడా అదే చెబుతోందని నేనంటే, "నన్ను చూసి నేర్చుకుందిలే" అనేవాడు.

ఆయన తమ్ముడు, మా చిన్నతాత, ప్రార్థనమందిరంలో పెద్ద. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడని ఆయన, ప్రాణులన్నీ వాటంతట అవే మెల్లమెల్లగా మారుతూ వచ్చాయని తాతయ్య. ఇద్దరూ ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చుని సాయంత్రాలన్నీ దీనికే ధారపోశారు. ఒకసారి చిన్నతాత ఎవరో బోధకుడి దగ్గర ఒక సైన్సు నియమం విని, హుషారుగా వచ్చాడు.

"అన్నయ్యా, ఏ వస్తువైనా దాని మానాన వదిలేస్తే చెడిపోవాల్సిందేనట. ఇనుము తుప్పు పడుతుంది, గోడ కూలుతుంది. చెప్పింది మీ సైన్సే. మరి పురుగుని వదిలేస్తే మనిషెలా అయింది?"

"వదిలేసిందెవర్రా, నెత్తిన సూర్యుడు మండుతుంటే? వేడి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుంటే, మధ్యలో ఒక పొందిక పుట్టొచ్చు. ఈ ఐసు చూడు. నేనేమైనా చేత్తో పేర్చానా?"

"మిషన్ నడిపేది నువ్వేగా. లోకానికీ ఒకడుండాలా వద్దా?"

"చలిదేశాల్లో చెరువులు గడ్డకడతాయి. అక్కడ నేనున్నానా?"

"ఆ చలి పెట్టిందెవరు?"

"నీ తలకాయ పెట్టింది."

ఆ పూటకి సైన్సూ దేవుడూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత చిన్నతాతకు కాలేయం చెడింది. ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాలు ముట్టడు, ప్రార్థనకు వచ్చినవాళ్ళతో పలకడు. తాతయ్య మంచం పక్కన స్టూలు వేసుకుని, "నాకు తెలియక అడుగుతాను, మొదటిరోజు సూర్యుడే లేడటగా. మరి అది రోజని మీవాళ్ళు ఎలా లెక్కేశార్రా?" అన్నాడు.

చిన్నతాత ఇటు తిరిగాడు. మోచెయ్యి ఊతంగా లేచి కూర్చుని తిట్టడం మొదలుపెట్టాడు. తిట్టి తిట్టి గొంతు ఎండిపోయి, గ్లాసెడు పాలూ తాగేశాడు.

ఇక రోజూ అదే వైద్యం. డాక్టరు రాసిన మందుకన్నా, మనిషి కోతి నుంచి వచ్చాడన్న మాట బాగా పనిచేసేది. నేను గుమ్మంలో నిలబడి నవ్వేవాణ్ణి. చిన్న నానమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

"బావగారూ, ఆయన మాటే నిజమని ఒక్కసారి అనండి. మీ సొమ్మేం పోతుంది?"

"నేను ఒప్పేసుకుంటే రేపు వాడు దేనికోసం లేస్తాడమ్మా?" అన్నాడు తాతయ్య. "ఆ కోపం ఒక్కటే వాణ్ణి వెచ్చగా ఉంచుతోంది."

ఒక మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి చిన్నతాత ఇటువైపే తిరిగి ఉన్నాడు. కళ్ళు పచ్చబడిపోయాయి.

"అన్నయ్యా, మనిద్దరం మళ్ళీ కలుస్తాం కదా?" అన్నాడు.

తాతయ్య దాన్ని కూడా వాదనే అనుకున్నాడు. తమ్ముణ్ణి లేపి కూర్చోబెట్టాలని గొంతు పెంచి, "ఎక్కడ్రా కలిసేది? కరిగిపోయిన ఐసు మళ్ళీ అదే గడ్డ అవుతుందా?" అన్నాడు.

తిట్లకోసం చూశాడు. చిన్నతాత అన్న ముఖంలోకి చూసి, మెల్లగా గోడవైపు తిరిగాడు. తాతయ్య కోతుల్ని తెచ్చాడు, చేపల్ని తెచ్చాడు, ఆరు రోజుల్నీ వెక్కిరించాడు. ఆ వీపు కదల్లేదు. గ్లాసులో పాలు మీగడ కట్టాయి.

సాయంత్రం లైటు వెయ్యడానికి వచ్చిన చిన్న నానమ్మ మంచం మీదికి వంగి చూసింది. చిన్నతాతకు ఊపిరి లేదు. తాతయ్య ఇంకా కోతుల గురించే ఏదో చెబుతున్నాడు, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

అన్న మొండితనం తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చిందని మందిరంలో అనుకున్నారు. కొందరు తాతయ్య ముఖం మీదే అన్నారు. ఎంత మాటకైనా మాట అప్పజెప్పే మనిషి తలవంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ అరుగు మీద ఆయన కూర్చోగా నేను చూడలేదు. ఇంట్లో ఎవరైనా దేవుడి మాటెత్తినా, సైన్సు మాటెత్తినా లేచి అవతలికి పోతాడు.

నా మటుకు నాకు తాతయ్య తప్పేం కనబడదు. డాక్టర్లు వదిలేసిన మనిషిని ఇన్నాళ్ళు లేపి కూర్చోబెట్టింది ఆయనే. ఇది రాసి ఆయనకు చదివి వినిపించి, "ఏదైతేనేం తాతయ్యా, చివరిదాకా నీ మాట మీద నిలబడ్డావు. చావుబతుకుల్లో ఉన్నవాడి దగ్గర కూడా అబద్ధం ఆడలేదు" అన్నాను.

"మాటదేముందిరా గాడిదా," అన్నాడు తాతయ్య. "కలుస్తాం అనాల్సింది."