ఎదుటి కుర్చీకి చదివి వినిపించిన మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కొట్లో నిలబడి, ఆ కొట్టు యజమాని కూతురి శుభలేఖ ప్రూఫు చూపిస్తున్నాను. ఫోన్ చేసింది మాస్టారి భార్య. పిన్నిగారూ అని పిలుస్తాను ఆవిణ్ణి. "పొద్దున్నే కాఫీ తాగి, పేపరు తిరగేస్తూ అలాగే ఒరిగిపోయారమ్మా" అన్నారు. మళ్ళీ ఆవిడే, "నీ పని చూసుకునే రా, సాయంత్రం దాకా ఉంచుతాం" అన్నారు. ఇంత దుఃఖంలోనూ ఎదుటి మనిషి పని చెడకూడదనుకోవడం ఆ ఇంటి పద్ధతి. ప్రూఫు అక్కడే వదిలేసి ఏలూరు బస్సెక్కాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఆయన పక్కన కూర్చుని పనిచేసిన రోజుల్లో సాయంత్రానికి ఎలా నీరసం ముంచుకొచ్చేదో, బస్సులో అదే నీరసం వచ్చింది.

ఆయన నాకు బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. రిటైరైన సోషల్ మాస్టారు. ఏలూరులో ఒక జెరాక్స్ షాపు మీది గదుల్లో ఇంటర్నెట్ వార్తల సైటు ఒకటి నడిచేది. యజమాని హైదరాబాదులో ఉండేవాడు. ఇంటర్నెట్ అంటే ఇంకా నెట్ సెంటరుకి వెళ్ళి గంటకింత అని కట్టుకునే రోజులవి. వార్త కింద పాఠకులు తమ అభిప్రాయం రాయొచ్చు. అందరూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవారు. దాన్ని మాస్టారు పైకి చదవాలి, నేను తెలుగులో టైపు చెయ్యాలి. ఏది వెయ్యాలో, ఏది వద్దో ఆయన తేల్చాలి. ఇదీ మా ఉద్యోగం.

చెప్పుకోవడానికి తేలిగ్గానే ఉంటుంది. రోజంతా ముక్కూమొహం తెలియని వాళ్ళ కోపాన్ని సొంత నోటితో చదవడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది. కెమెరా ఉన్న సెల్‌ఫోన్ వచ్చిందని వార్త వేస్తే మూడో అభిప్రాయానికల్లా కులం వచ్చేసేది. ఉపగ్రహం ఎగిరిందంటే సినిమా హీరోల అభిమానులు కొట్టుకునేవారు. మరీ పాడు మాట చదవాల్సి వచ్చినప్పుడు మాస్టారు లేచి వరండాలోకి వెళ్ళి నీళ్ళు పుక్కిలించి ఉమ్మేవారు. కింద నుంచి జెరాక్స్ షాపతను, "మాస్టారూ, కింద మనుషులున్నామండీ!" అని అరిచేవాడు. "క్షమించండి బాబూ, ఇవాళ రాజకీయాలు ఎక్కువొచ్చాయి" అనేవారు ఈయన. తిరిగొచ్చి బుగ్గన ఒక కరక్కాయ ముక్క పెట్టుకుని, "ఊఁ, కింద ఏమన్నారమ్మా?" అని మళ్ళీ మొదలెట్టేవారు. వార్త పూర్తిగా చదవని రోజున్నా, కింద ఏమన్నారో అడగని రోజు లేదు.

"వార్త చదివేది కళ్ళమ్మా, కింద రాసేది కడుపు" అనేవారు. అందుకని ఎవరి మీదా విసుక్కునేవారు కాదు. విసుగంతా నాదే. అన్నీ చెత్తబుట్టలో పడేసి ఇంటికి పోదామండీ అని ఎన్నిసార్లు అన్నానో.

ఏది వెయ్యాలో తేల్చడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. బల్లకి అవతల ఒక ఖాళీ కుర్చీ వేయించారు. ఆ అభిప్రాయం ఎవరి మీద రాశారో వాళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నారనుకోవాలి. మన గుమ్మం ఎక్కి వచ్చారు, మంచినీళ్ళిచ్చాం, కూర్చోబెట్టాం. ఇప్పుడు ఆ మాట వాళ్ళ మొహం చూసి చదవగలమా? చదవగలిగితే వేసెయ్యడం. మధ్యలో గొంతు ఆగితే, "తీసెయ్యమ్మా" అనేవారు. మంత్రులూ, అధికారులూ, క్రికెట్ ఆటగాళ్ళూ అందరూ ఆ కుర్చీలో కూర్చుని వెళ్ళినవాళ్ళే. తిట్టడం తప్పని కాదు ఆయన ఉద్దేశం. కుర్చీకేసి చూసి, "మీరు చేసింది దగా అండీ" అని గట్టిగా చదివిన రోజులున్నాయి. అవి వేసేవాళ్ళం.

సరస్సుని కాపాడాలని ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేస్తున్న రోజులొచ్చాయి. మిషన్లు దిగాయి, గట్లు తెగాయి, చెరువుల్లో నీళ్ళు పోయాయి. మా సైటుకి అంతకుముందెన్నడూ రానన్ని అభిప్రాయాలు వచ్చాయి. ఏలూరు నుంచి ఎప్పుడూ రాసే పాఠకుడొకాయన మంచి మర్యాదగా రాశాడు. సరస్సు సరస్సుగా ఉండాలి కదండీ, పక్షులకి ఇంకో చోటు లేదండీ అన్నాడు. మాస్టారు కుర్చీకేసి చదివారు. గొంతు ఎక్కడా ఆగలేదు. ఆయనకీ కొల్లేరు పాతలాగే ఉండాలనే ఉంది. వేసేశాం. దానికింద భేషంటూ బోలెడుమంది రాశారు.

అదే రోజు ఆకివీడు నెట్ సెంటర్ నుంచి ఇంకొకటొచ్చింది. "మీ కొంపలు కూలా, మీ పొయ్యిల్లో పిల్లులు పడుకోను" అని మొదలైంది. మాస్టారు రెండో ముక్క దగ్గరే ఆగి, "తీసెయ్యమ్మా" అన్నారు. తీసేశాను.

వారం తిరగకుండా ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. ఎండలో నడిచొచ్చిన మొహం. మాస్టారు అలవాటు కొద్దీ లేచి, "కూర్చోండమ్మా" అన్నారు. గదిలో ఖాళీగా ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. కూర్చుంది. నేను మంచినీళ్ళిచ్చాను. గ్లాసు కింద పెట్టి, "నా మాట ఎందుకెయ్యలేదండీ?" అంది.

పిల్లులు పడుకోనూ అన్నది ఈవిడే, నెట్ సెంటర్ కుర్రాడి చేత కొట్టించి పంపిందట. ఊరు కొల్లేటి లంక. కూతురు ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మా సైటులో వేసిన ఆ మర్యాదస్తుడి అభిప్రాయాన్ని హాస్టల్ పిల్లలు ప్రింటు తీసి గోడకి అంటించారట. ఆ పిల్లని చూస్తే చాలు, పైకి చదవడం. పిల్ల బట్టలు సర్దుకుని ఇంటికి వచ్చేసింది.

"చదువు మానేత్తానంటుందండీ. చెరువెలాగూ పోయింది. చదువూ పోతే దానికింకేం మిగుల్తాదండీ? నా మాట అక్కడ పడితే, మా అమ్మ కూడా అందిగా అని ఎల్తాదని నా ఆశండీ."

మాస్టారు మెల్లిగా, "మీరు రాసిన మాటలు ఎవరి మొహం మీదా అనలేమమ్మా" అన్నారు.

"ఆయన రాసింది అనగలరాండీ? నా మొహం మీద చదవండి, ఇంటాను."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను పేజీ తెరిచాను. సరస్సు సరస్సుగా ఉండాలి కదండీ. బాగానే చదివారు. పక్షులకి ఇంకో చోటు లేదండీ. అదీ చదివారు. "ఈ చేపల చెరువుల వాళ్ళంటారా, ఎక్కడ పారేసినా బతికేస్తారండీ, వాళ్ళకి..." అక్కడ తలెత్తి ఆవిణ్ణి చూశారు. వాళ్ళకి సిగ్గూ శరం లేదు కదండీ అని ఉంది తరవాత. ఆయన చదవలేదు. నాలుగైదు రోజుల కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీకి, తడుముకోకుండా చదివిన మాట అది. అప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారనుకున్నారో నాకు తెలుసు. గట్లు కొట్టించే అధికారి. తిట్లు పడేది ఆయనకే కదా అని రోజంతా ఆయన్నే కూర్చోబెట్టాం. ఈవిడ వచ్చి కూర్చుంటుందని మా ఇద్దరికీ తట్టలేదు.

"తీసెయ్యమ్మా" అన్నారు నాతో.

"తియ్యొద్దండీ" అందావిడ. "తీసేత్తే ఆ పిల్లలు చదివేసింది ఎనక్కొత్తాదాండీ? ఉండనివ్వండి. దాని కింద నాది ఎయ్యండి."

"నేనూ పక్షుల వైపేనమ్మా. అబద్ధమెందుకు?" అన్నారు మాస్టారు.

"పచ్చులుండొద్దని నేనన్నానాండీ? అవి మాయి కూడానండీ. రోజూ చూసేది మేవే కదండీ."

మాస్టారు తన కుర్చీ ఆవిడకి ఎదురుగా జరుపుకున్నారు. ఆ తరవాత బల్ల మీద చేతులు కట్టుకుని, "ఆ రాసినాయన్ని నేనే అనుకోండి. నా మొహం చూసి చెప్పండమ్మా. ఏదీ మింగొద్దు" అన్నారు.

ఆవిడ చెప్పింది. పొయ్యిలో పిల్లితో మొదలెట్టింది. గట్టు తెగినప్పుడు బొచ్చె చేపపిల్లలు బురదలో ఎలా కొట్టుకున్నాయో చెప్పింది, మగాళ్ళు మాట్లాడకుండా నిలబడి చూడటం చెప్పింది. సిగ్గు లేనిదెవరికిరా అంది. మాస్టారు బడి పిల్లాడిలా కూర్చుని విన్నారు. నేను కొడుతూనే ఉన్నాను, కళ్ళ నీళ్ళకి అక్షరాలు కనబడక తప్పులు పోయాయి. ఆవిడ ఆగాక ఆయన మొత్తం తిరిగి చదివి వినిపించారు, తనకి తగిలిన శాపనార్థాలతో సహా. "ఇంకేమైనా వదిలేశామా అమ్మా?" అని అడిగారు. ఆ పూట ఆయన పుక్కిలించడానికి లేవలేదు.

అది అలాగే వేశాం. హైదరాబాదు నుంచి యజమాని ఫోన్ చేసి, ఈ తిట్లేమిటండీ అని అరిచాడు. "తిట్టు కాదండీ, జవాబు" అన్నారు మాస్టారు. పిల్ల సోమవారం హాస్టల్‌కి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదట. ఒకమ్మాయి మాత్రం, మీ అమ్మ భలే తిట్టిందే అందట. అంతే. ఆ మర్యాదస్తుడు ఏమనుకున్నాడో తెలియదు, ఆ తరవాత కూడా అంతే మర్యాదగా రాస్తూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి పని భారమైపోయింది. ఒక్కో అభిప్రాయానికి ముందు, "ఇందులో ఇంకెవరున్నారమ్మా? ఎవర్ని కూర్చోబెట్టాలి?" అనేవారు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళని ఊహించుకుని చదివేవారు. రోజు పని రెండు రోజులు పట్టేది. "తిట్టయితే కంటికి కనబడేది, తీసేసేవాళ్ళం. ఇప్పుడు మంచి మాటల్లో వెతుక్కోవాల్సొస్తోంది" అని ఒక సాయంత్రం కళ్ళు మూసుకుని అన్నారు. నాకు కోపమొచ్చింది ఆయన మీద. ఇంత అవసరమా అనిపించింది. లోకం ఎలాగూ రాస్తుంది, మనం జల్లెడ పడితే ఎంత ఆగుతుంది? ఏడాది తిరగకుండా యజమాని సైటు మూసేశాడు, నేను శుభలేఖలు అచ్చువేసే పనిలో పడ్డాను. ఇప్పుడు చాలా సైట్లలో కింద ఎవరేం రాసినా అలాగే పడిపోతోంది. అవి చూసినప్పుడల్లా ఆయన గొంతుతో వినబడతాయి నాకు. ఆయన నాకిచ్చి వెళ్ళింది అదే. సుఖంగా ఏదీ చదవనివ్వరు. అందుకు రుణపడి ఉన్నాను.

బస్సులోంచి ఆ పిల్లకి ఫోన్ చేశాను. ఇప్పుడు ఉండిలో ఒక బళ్ళో లెక్కలు చెబుతోంది. నేను చేరిన గంటకి తల్లీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. ఎవరో కుర్చీ చూపించినా ఆవిడ ఆగలేదు. తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఏవండీ మాస్టారూ! ఊళ్ళో వాళ్ళందరి మాటలూ మీ నోటితో చదివి, నాకొక్క మాట చెప్పకుండా ఎల్లిపోతారాండీ? మీ నోరు పడిపోను! మీ కళ్ళజోడు కాలిపోను!"

చుట్టాలు ఉలిక్కిపడ్డారు. ఒక పెద్దాయన, "ఏంటమ్మా ఆ మాటలు, శవం దగ్గర?" అన్నాడు. కూతురు సిగ్గుపడి తల్లి చెయ్యి పట్టుకుని లాగింది.

మాస్టారి తల దగ్గర కూర్చున్న పిన్నిగారు అప్పుడు తలెత్తారు.

"అననివ్వండి. ఆయనుంటే వేసెయ్యమనేవారు."

చాప మీద కొంచెం జరిగి ఆవిడకి చోటిచ్చారు. ఆవిడ కూలబడి తిడుతూనే ఉంది. పిన్నిగారు ఆ తిట్లన్నీ వింటూ, పైట చెంగుతో మాస్టారి మొహం మీద ఈగలు తోలుతూ కూర్చున్నారు.