మోకాలి కోసం ఎదురు ప్రదక్షిణాలు

ఆ రోజుల్లో నాకు మీసాల కంటే ముందు వాదం మొలిచింది. రాజమహేంద్రవరంలో బడిపంతులు ఉద్యోగం, ఆదివారాలు సంస్కరణ సమాజంలో ఉపన్యాసాలు. కంటబడిన మూఢాచారమల్లా నా చేతిలో చచ్చిందనే అనుకునేవాణ్ణి. (ఒక్కటీ చావలేదని తరువాత తెలిసింది.) అటువంటి నేను, నెలాఖరు ఆదివారం మొక్కుబడులను ఖండిస్తూ మాట్లాడవలసి ఉండగా, వానకాలపు రేగడి బురదలో జారి మోకాలు బెణికించుకున్నాను.

ఆసుపత్రి డాక్టరు కాలు అటూ ఇటూ వంచి చూసి, "ఎముకకేం కాలేదు పంతులుగారూ. మంచమెక్కారంటే మాత్రం కీలు బిగుసుకుపోతుందండి. రోజూ చదునైన నేల మీద మెల్లగా నడవండి," అన్నాడు. ఆ వానల్లో మా పేటలో కాలు జారని చోటు ఒక్కటే ఉంది: వేణుగోపాలస్వామి కోవెలలో గర్భగుడి చుట్టూ పరచిన రాతిబాట. పైన కప్పు ఉంది, పట్టుకోవడానికి గోడ ఉంది. దేవుడొక్కడే అడ్డం.

మనస్సుతో పోట్లాడి పోట్లాడి చివరకు ఉపాయం కనిపెట్టాను. అందరూ గుడిని కుడిచేతి వైపు ఉంచుకుని తిరుగుతారు కదా, నేను ఎడమచేతి వైపు ఉంచుకుని తిరుగుతాను. అప్పుడది ప్రదక్షిణం కాదు, వ్యాయామం. (ఇంత చక్కని తర్కం వినడానికి సభ లేదే అని విచారించాను కూడా.) మరునాడు తెల్లవారగానే మొదలుపెట్టాను. అర్చకుడు గాభరాపడి, "అయ్యయ్యో, ఇటు కాదండి, అటండి!" అన్నాడు. "తెలుసునండి," అని గంభీరంగా కుంటుకుంటూ సాగాను. మూల తిరగగానే ఎవరో వచ్చి నన్ను గుద్దుకున్నారు. చూద్దును గదా, నన్ను పెంచిన మా పెద్దమ్మ!

"ఎవర్రా ఆ కళ్ళు కనబడనివాడు... నువ్వా! నా లెక్క పోయిందిరా నాయనా!"

"ఏం లెక్క పెద్దమ్మా?"

"నీ మోకాలు బాగుపడాలని నూటెనిమిది తిరుగుతానని మొక్కుకున్నాను. ఇంకాస్తలో అయిపోయేది. అసలే కుంటివాడివి, ఈ ఎదురు తిరుగుడేంటిరా? మళ్ళీ మొదట్నించీ తిరగాలి!"

మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఆయాసపడుతూ బయలుదేరింది. ఆవిడ మోకాళ్ళు నా మోకాలి కంటే అధ్వాన్నమని అప్పుడే గమనించాను. చెయ్యి అందించవలసింది. సమాజంవారెవరైనా చూస్తారేమోనని తల దించుకుని ఇంటికి వచ్చేశాను. ఆ తరువాత ఆవిడ ఉండని వేళ చూసి, సాయంత్రాలు వెళ్ళి నా ఎదురు నడక సాగించాను.

ఆదివారం సభలో మొక్కుబడులను చీల్చి చెండాడాను. చప్పట్లు మోగాయి. ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని కాళ్ళకు ఆముదం రాసుకుంటోంది.

"బాగా మాట్లాడేవుటగా! అంతసేపు నిలబడ్డావు, కాలు నొప్పి పుట్టలేదూ?"

నొప్పి జాడ కూడా లేదు. అది నడక వల్లనే తగ్గిందని నాకు రూఢిగా తెలుసు. అయినా తగ్గిందంటే గెలుపు మొక్కుదవుతుందని, "ఇంకా ఉంది," అన్నాను.

"ఉందా! అయితే రేపు మళ్ళీ వెళ్ళి తిరుగుతాలే," అంది, రెండో మోకాలికి ఆముదం పట్టిస్తూ.

ఏ సభలో ఓడిపోయినా నేనంత సిగ్గుపడలేదు. మరునాడు పొద్దున్నే ఆవిడ చెయ్యి పట్టుకుని నేనూ బయలుదేరాను. ఏ వైపుగా తిరిగానో మా సమాజంవారికి ఇంతవరకూ చెప్పలేదు. లెక్కపెట్టే పని మాత్రం నేనే అడిగి పుచ్చుకుని, ఆవిడ కళ్ళు మూసుకున్నప్పుడల్లా రెండు మూడేసి అంకెలు ముందుకు దాటేశాను. ఆ కుర్ర తార్కికుడి పనుల్లో నాకు ఇప్పటికీ నచ్చేది ఆ దొంగలెక్క ఒక్కటే.